ఎరుపు రాదు

ధర్మాబాద్ స్టేషన్‌లో దిగగానే
ముక్కు చెప్పింది, బజారు ఎటో.
మోండా దారి ఎవర్నీ అడగలేదు,
తుమ్ముతూ వస్తున్నవాళ్ళకు ఎదురు నడిచాను.

ఆరు రోజులు నా స్టూడియోలో
నీలం తెర ముందు స్టూలు మీద కూర్చోబెట్టి
గడ్డం పైకి, భుజం కిందికి, కదలొద్దు,
ఆధారుకో పాసుబుక్కుకో సరిపడా మొహాలు తీస్తాను.
ఏడో రోజు
మేనమామ వదిలిపోయిన పాత కెమెరా
మెడలో వేసుకుని రైలెక్కుతాను.
ఈసారి రీలులో మిగిలినవి మూడే.

షెడ్డు కింద గుట్టలు.
ఎండిన మిరప ఎంత ఎరుపంటే
పైన రేకుల లోపలి వైపు కూడా ఎర్రబడింది.
హమాలీల బనియన్లు, కాటా పళ్ళెం,
అడత్ దుకాణం పిల్లి మీసాలు.
నా దగ్గరేమో నలుపు, తెలుపు.
ఒక్కపొద్దు నాడు పెళ్ళి విందుకు వెళ్ళినట్టు
నిలబడ్డాను.

అప్పుడామె.
గుట్ట అంచున గోనెసంచి పరుచుకుని
తొడిమలు తుంచుతోంది.
ముక్కూ నోరూ కప్పిన గళ్ళ తువ్వాలు,
పైన రెండు కళ్ళు,
వాటి చుట్టూ పాత సంచి కుట్లలాంటి ముడతలు.
చేతులు ఆమెను పట్టించుకోవడం లేదు,
వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

“ఆయీ, ఏక్ ఫోటో...”
“తెలుగుల అడుగు. నీ మరాఠీకి గుట్టంతా నవ్వుతది.”
తువ్వాలు గడ్డం కిందికి లాగింది.
“ఎరుపు వస్తదా?”
“రాదమ్మా. నలుపూ తెలుపే.”
“మిరపల కాడ కూసోని ఎరుపు లేని ఫోటోనా!
కారం లేని తొక్కు ఎవలు తింటరు బిడ్డా?”
పక్కన ఆడవాళ్ళు నవ్వారు.
గుట్ట నవ్విందో లేదో చూడలేదు.

“పేరు?”
“సేటు బుక్కుల నర్మదాబాయి.
ఇంటికాడ నర్సు.
నీ ఫోటో ఏ భాషల తీస్తవో అదే రాస్కో.”

దూరం కంటితోనే కొలిచాను, ఐదడుగులు.
రేకు పగులులోంచి దిగిన వెలుగు
ఆమె ఎడమ చెంప మీద సగం జొన్నరొట్టె.
నా కళ్ళలో నీళ్ళు. అద్దంలో ఆమె ఇద్దరైంది,
నర్మదాబాయి ఒకరు, నర్సు ఒకరు,
ఇద్దరినీ ఒక్కచోటికి తేవాలని
ఉంగరం తిప్పుతున్నాను.
సరిగ్గా కలిసే వేళకు
తుమ్ము వచ్చింది. నాకు.
వేలు నొక్కేసింది.

ఇరవై ఏళ్ళుగా లోకానికి కదలొద్దని చెప్పినవాణ్ణి,
నేనే కదిలాను.
ఆమె పగలబడి నవ్వింది.
పళ్ళు, పాన్ మరక, బిగుసుకున్న మెడనరం,
కళ్ళ నుంచి ధారలు.
ఆ నవ్వులో రెండోది నొక్కాను.
మూడోదానికి చేయి రాక
ఖాళీగానే రీలు చుట్టేశాను.

చీకట్లో తొట్టెలో ఊపుతుంటే
ముందు తువ్వాలు గళ్ళు తేలాయి,
తర్వాత కళ్ళు, ఆఖరున చెంప.
మిరపగుట్ట బొగ్గుల కుప్పై వచ్చింది.
నవ్వు మాత్రం రాలేదు.
నోరు తెరిచి ఉంది, కళ్ళు కారుతున్నాయి,
ఎవరో పోయినట్టుంది.

స్టూడియో గోడకు తగిలించాను.
“అయ్యో, ఎంత దుఃఖం,” అన్నాడు
ఫోటోకు వచ్చిన డ్రిల్లు మాస్టారు.
కాదండీ, మిర్చి, అన్నాను.
ఇంకొకామె ఏమీ అనకుండా
కొంగు కళ్ళకద్దుకుంది.
మిర్చి అనలేకపోయాను.
అప్పట్నుంచి నాకూ అనుమానం,
ఆ నవ్వు అడుగున ఉన్నదేదో
నాకంటే ముందు రీలుకు కనిపించిందేమోనని.

పై ఆదివారం ఒక ప్రింటు పట్టుకుని వెళ్ళాను.
గుట్ట లేదు, వేలమైపోయింది.
ఆమె లారీ నీడలో చాయ్ తాగుతోంది.
ఫోటోను దూరం పెట్టి చూసింది,
దగ్గర పెట్టి చూసింది.
“మా అవ్వ లెక్క ఉన్న,” అంది.
చాయ్ చల్లారేదాకా ఇంకేం అనలేదు.
తర్వాత లేచి, సంచి మూలలోంచి
రెండు దోసిళ్ళ మిరపకాయలు
నా కెమెరా సంచిలో పోసింది.
“ఎరుపు రాదంటివి గద. తీస్కపో.”

ప్యాసింజరు బాసర దాటేదాకా
పెట్టెలో ఎవరో ఒకరు
తుమ్ముతూనే ఉన్నారు.